కెప్టెన్ ఎందుకు ఉండిపోయాడు

ఆ సినిమా పేరేమిటో మా గదిలో ఎవరికీ తెలియదు. పెన్‌డ్రైవ్‌లో దాని పేరున్నచోట కొన్ని అంకెలు, ఒక గీత మాత్రమే ఉండేవి. ఇంగ్లీషు సినిమా, మాటలు హిందీలోకి మార్చారు. భూమికి తిరిగివస్తున్న ఒక అంతరిక్ష నౌక, అందులో కొందరు పనివాళ్లు, వాళ్లమీద ఒక కెప్టెన్. దారిలో నౌక చెడిపోతుంది. తప్పించుకోవడానికి ఉన్న చిన్న నౌకలో ఒక సీటు తక్కువ. సినిమా పొడుగునా అందరినీ సతాయించిన కెప్టెన్ చివర్లో తన సీటు వదులుకుని వెనకే ఉండిపోతాడు. అంతే కథ. గొప్ప సినిమా ఏమీ కాదు. అయినా నేను చదివిన ఏ పుస్తకం గురించీ ఎవరితోనూ అంతగా వాదించలేదు.

అది 2020 వేసవి, కరోనా కాలం. దుబాయ్‌లోని అల్ కుసైస్‌లో కంపెనీ ఇచ్చిన గది. నేను గోదాములో సరుకు లెక్క చూసేవాణ్ణి. పని సగానికి తగ్గింది, విమానాలు ఆగిపోయాయి, బయట తిరగడానికి వీల్లేదు. అన్నిటికంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది మాత్రం లైబ్రరీ మూతపడటం. పదో తరగతి తర్వాత నా చదువంతా లైబ్రరీల్లోనే సాగింది. మొదట మా పట్నంలోని శాఖా గ్రంథాలయం. అక్కడ పేపరు కోసం వచ్చే పెద్దమనుషుల మధ్య కూర్చుని, బీరువాలో ఉన్నవన్నీ వరసపెట్టి చదివాను. దుబాయ్ వచ్చాక సెలవు దొరికిన రోజు బస్సెక్కి పబ్లిక్ లైబ్రరీకి పోయేవాణ్ణి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నది అక్కడే. కథలు ఎలా కడతారో చెప్పే పుస్తకం ఒకటి అక్కడే దొరికింది. పాత్రకు ఒక కోరిక ఉండాలి, ఆ కోరిక వెనక ఒక కారణం ఉండాలి, మనిషి మారితే ఎక్కడ మారాడో చదివేవాడికి కనిపించాలి అని అందులో ఉంది. అది చదివిన రోజు రోడ్డుమీద పోయే ప్రతి మనిషీ నాకు కొత్తగా కనిపించాడు. ఆ సంగతి గదిలో అందరికీ చెప్పి, విసిగించి, ‘లైబ్రరీ మాస్టారు’ అని పేరు తెచ్చుకున్నాను.

ఆ పేరు పెట్టింది మా గదిలోని డ్రైవరు. గోదావరి జిల్లావాడు. ఏ సినిమా అయినా సగంలోనే ముగింపు చెప్పేసేవాడు, అది తప్పయితే సినిమాదే తప్పనేవాడు.

ఇంకొకాయన జగిత్యాల వైపు అన్న. ఏసీ డక్టులు బిగించే పని. ఆయనకు ఏప్రిల్‌లో ఇంటికి పోవడానికి సెలవు దొరికింది. టికెట్టు చేతికొచ్చాక విమానాలు ఆగాయి. బిడ్డ నడక నేర్చినప్పుడు ఒకసారి చూసి వచ్చినవాడు, ఇప్పుడు ఆ పిల్లకు ఐదేళ్లు. ఇంట్లోవాళ్లు ‘బాపు రేపస్తడు, వచ్చే ఐతారం అస్తడు’ అని చెప్పీ చెప్పీ ఆ పిల్లకు నమ్మకం పోయింది. ఫోన్ దగ్గరికి రావడమే మానేసింది. రోజూ సాయంత్రం అన్న మంచం చివర కూర్చుని ఫోన్ చేసేవాడు. అటునుంచి భార్య గొంతు వినిపించేది.

“అగో, మీ బాపు చేసిండు. మాట్లాడు రా.”

“నాకు ఆకలైతంది.”

“ఇప్పుడే తింటివి గదనే!”

“అయితే నిద్రత్తంది.”

అన్న నవ్వినట్టు చేసి ఫోన్ పెట్టేసేవాడు. ఇంటికి పోయేసరికి బిడ్డ తనను గుర్తుపట్టకపోతే ఎట్లా అన్న భయం ఆయనకు ఎంతగా ఉండేదో మాకు తెలుసు.

సినిమా చూసింది శుక్రవారం భోజనాలయ్యాక. చివర్లో పేర్లు పడుతుండగానే అన్న అన్నాడు: “గా కెప్టెన్‌కు మనసు ఎక్కడ మారింది తమ్మీ? మొదటినుంచి ఉరుముడే ఉరుముడు. లాస్టుకు సీటు ఇచ్చి కూసున్నడు. నడుమల ఏమైంది?”

“ఏమీ కాలేదండీ,” అన్నాడు డ్రైవరు. “క్లైమాక్స్ కావాలి. ఎవడో ఒకడు చావాలి. హీరో చస్తే టికెట్ డబ్బులు రావు.”

“అది లోపమే అన్నా,” అన్నాను నేను. “పాత్ర ఎదగలే. కారణం ముందు నాటకుండనే ఫలితం చూపెట్టిన్రు.”

“మాస్టారికి పుస్తకం లోపలికి పోయింది. ఇంక ఆగడు,” అన్నాడు డ్రైవరు.

నిజానికి ఆ కెప్టెన్ విషయంలో మా గది మొత్తం ముందే తీర్పు చెప్పేసింది. సినిమా మొదట్లోనే అతను అందరి గుర్తింపు కార్డులూ తీసుకుని పెట్టెలో వేసి తాళం వేస్తాడు. నౌకలో ఏదో తలుపు ఎవరూ తెరవకూడదని. అది మాలో ఎవరికీ అట్లా అర్థం కాలేదు. ఇక్కడి కంపెనీలు చేసినట్టు పాస్‌పోర్టులు తీసి పెట్టుకున్నాడనే అనుకున్నాం. ‘వీడు ముదీరే’ అని మేనేజరును తలుచుకుని ఒకరు, ‘కఫీల్ తమ్ముడు’ అని వీసా ఇచ్చిన యజమానిని తలుచుకుని ఇంకొకరు అన్నారు. ఆ తర్వాత అతను ఏం చేసినా అందులో మంచి కనిపించలేదు. నీళ్లు కొలిచి ఇస్తే పిసినారి అన్నాం. నిద్రపోకుండా కాపలా కాస్తే దొంగచూపులవాడు అన్నాం. నేను కూడా, పుస్తకాలన్నీ చదివినవాణ్ణి, అట్లాగే చూశాను.

ఆ సాయంత్రం అన్న ఫోన్ చేసినప్పుడు పిల్ల మళ్లీ రాలేదు. ఏం తోచిందో, ఆయన భార్యతోనే మొదలుపెట్టాడు. “ఇయ్యాల ఒక సిన్మ చూసినం. ఒకాయన ఆకాశంల ఇరుక్కపోయిండు. ఇంటికి రానస్తలేదు.”

అటు వెనకనుంచి చిన్న గొంతు వచ్చింది. “ఎందుకు?”

అన్న మా వైపు చూశాడు. డ్రైవరు తరుగుతున్న ఉల్లిగడ్డను అట్లాగే చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

“బండి ఖరాబైంది బిడ్డా.”

“ఆకాశంల బండి ఎట్ల పోతది?”

ఆరోజు అంతే. రెండో ప్రశ్నకు జవాబు సగంలో ఉండగానే పిల్ల ఆటకు పోయింది. కానీ మరుసటి రోజు వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది. అన్న రోజుకు కొంచెం కథ చెప్పేవాడు. ఆ పిల్ల అడిగే ప్రశ్నలు నా పుస్తకంలో ఎక్కడా లేవు. వాళ్లకు అన్నం ఎవరు వండుతరు? అక్కడ చీకటైతదా? కెప్టెన్ ఎవ్వరితోని ఆడుకుంటడు? జవాబులు దొరకక అన్న ‘రేపు చెప్త’ అనేవాడు. ఫోన్ పెట్టగానే గదిలో సభ మొదలయ్యేది.

నేను ఒక నియమం పెట్టాను. సినిమాలో లేనిది కలపకూడదు. ఉన్నదానిలోంచే జవాబు వెతకాలి.

“ఎందుకండీ?” అన్నాడు డ్రైవరు. “పాప సినిమా చూసిందా ఏంటి? కెప్టెన్‌కి ఓ కుక్కపిల్లని పెట్టేద్దాం. ఆడుకుంటాడు.”

“పెద్దగయినంక చూస్తది. అప్పుడు కుక్క ఏదని అడిగితే?” అన్నాను నేను.

“అప్పటికి కుక్క చచ్చిపోయిందని చెప్పచ్చు.”

“నీకు ఎవల్నో ఒకల్ని చంపుడే గావాలె,” అని అన్న కసిరాడు.

కథ ముగింపు దగ్గరికి వచ్చింది. అప్పుడు మాకు నవ్వు ఆగింది. పిల్ల ఆ రోజు అడిగింది: “కెప్టెన్ ఇంటికి ఎప్పుడస్తడు?”

అన్న రేపు చెప్తానని ఫోన్ పెట్టేశాడు.

“తెచ్చేయండన్నా,” అన్నాడు డ్రైవరు, ఈసారి వెటకారం లేకుండా. “ఇంకో నౌక వచ్చిందనండి. రేపే ఇంటికొస్తాడనండి.”

“రేపే అస్తడని నేనెట్ల చెప్పాలె? రేపు, రేపు అనే గదా అది నాతోని మాట్లాడుడు బందువెట్టింది.”

“పోనీ ఉన్నదున్నట్టు చెప్పండి.”

“రాకుండనే పోయిండని? గట్ల చెప్పిన తెల్లారి నా దిక్కు చూస్తదా?”

నాకు అప్పుడు అనిపించింది, మేము తప్పు ప్రశ్న దగ్గర ఆగిపోయామని. ఎప్పుడొస్తాడన్నది తర్వాత. అతను ఎందుకు ఉండిపోయాడో తెలిస్తే కదా! కారణం లేకుండా ఉండిపోయినవాడు బిడ్డ దృష్టిలో రానివాడే. “మళ్లీ చూద్దాం,” అన్నాను. “ఎక్కడో ఒకచోట ఉంటది. కెప్టెన్‌ను ముదీర్ అనుకోకుండ చూద్దాం.”

మరునాడు పని లేదు. పొద్దున్నే టీవీ పెట్టాం. ఒక్కొక్క దృశ్యం ఆపి ఆపి చూశాం. నీళ్లు పంచే దృశ్యం వచ్చింది. కెప్టెన్ ఒక్కొక్కరికీ కొలిచి పోస్తున్నాడు. కుర్రాడొకడు ఇంకొంచెం అడిగితే గద్దించాడు. తర్వాత ఇంజను దగ్గర పనిచేసే ఆడమనిషి వచ్చింది. ఆమె గ్లాసు నిండా పోశాడు. ఆమె ఏమీ అడగలేదు. అతను ఆమె ముఖం కూడా చూడలేదు.

“ఆపు ఆపు,” అన్నాను. “ఆమెకు ఎందుకు ఎక్కువ వోసిండు?”

“మరిచిపోయి పోశాడండీ. నటులకి కూడా చేతులు వణుకుతాయి.”

“నీళ్లకాడ అంత లెక్కవెట్టేటోడు మరిచిపోతడా?”

అన్న తెరకేసి చూస్తూ మెల్లగా అన్నాడు. “కడుపుతోని ఉన్నది.”

సినిమాలో ఆ మాట ఎవరూ అనరు. కానీ వెతికితే ఇంకా దొరికాయి. బరువు ఎత్తబోతుంటే కెప్టెన్ ఆమెను తిట్టి వేరే పనికి పంపుతాడు. మొదటిసారి మేము దాన్ని అహంకారం అనుకున్నాం. చివర్లో అతను వదిలిన సీటులో కూర్చున్నది ఆమే. అంతా సినిమాలోనే ఉంది, కలిపి చెప్పేవాళ్లు లేరు, అంతే. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఇన్నేళ్లు లైబ్రరీలో కూర్చున్నందుకు ఒక పూట పనికొచ్చాననిపించింది.

గదిలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో నడిచిన కొద్దిపాటి విమానాల్లో సీట్లు ముందు గర్భిణులకు, రోగులకు, ముసలివాళ్లకు ఇచ్చేవాళ్లు. అన్న కూడా పేరు రాయించుకుని ఆ వరుసలోనే వెనక ఎక్కడో ఉన్నాడు.

సాయంత్రం ఫోన్ చేశాడు. మేమంతా ఏదో పని ఉన్నట్టు దగ్గర్లోనే తిరిగాం.

“బిడ్డా, గా కెప్టెన్ ఉన్నడు గద. ఆయన సీటు ఒకామెకు ఇచ్చిండు. ఆమె కడుపుల చిన్న పాప ఉన్నది.”



“మంచిగ జేసిండు,” అంది పిల్ల. “మరి ఆయనకు సీటు?”

“వరుసల నిలవడ్డడు. ఆయన వంతు రావాలె.”

“ఎప్పుడస్తది?”

“తెల్వదు బిడ్డా. ఆయనకు గూడ తెల్వదు.”

వరుస అనేది సినిమాలో లేదు, అయినా నేను అడ్డు చెప్పలేదు. ఆ పిల్ల ఏడుస్తుందనో ఆటకు పోతుందనో అనుకున్నాను.

“వరుస పెద్దగున్నదా?”

“పెద్దగనే ఉన్నది.”

“సరే. రేపు చెప్పు, ఎంత జరిగిందో.”

ఆ మరుసటి రోజు ఫోన్ అటునుంచే వచ్చింది. ఫోన్ కలిపింది తల్లే అయినా, మొదటి మాట పిల్లదే: “జరిగిందా?” ఆ రోజునుంచి రోజూ అదే ప్రశ్న. ఒక్కోరోజు కొంచెం జరిగిందనేవాడు, ఒక్కోరోజు జరగలేదనేవాడు. జరగలేదంటే ఆమె కోపం తెచ్చుకునేది, కానీ ఫోన్ వదిలేది కాదు. అక్కడినుంచి మాటలు పక్కింటి మేకపిల్ల మీదికి, ఊడిపోతున్న పన్ను మీదికి పోయేవి. గదిలో మాకు ఆ మేకపిల్ల చేసే అల్లరంతా తెలిసిపోయింది.

ఊళ్లో వానాకాలం పోయాక అన్నకు సీటు వచ్చింది. ఆఫీసునుంచి కబురు రాగానే, బట్టలు కూడా సర్దకుండా, మంచం చివర కూర్చుని ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టాడు.

“బిడ్డా, సీటు దొరికింది.”

అటు కాళ్ల చప్పుడు, గిన్నె పడ్డ చప్పుడు, తర్వాత ఇల్లంతా వినిపించేలా అరుపు: “అమ్మా! కెప్టెన్‌కు సీటు దొరికిందట! ఇంటికస్తుండట!”

“నన్ను కెప్టెన్‌ను జేసిందిరా,” అని అన్న మా అందరి ముఖాలూ చూశాడు. నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు. డ్రైవరు గోడవైపు తిరిగి ఉల్లిగడ్డలు లేకుండానే ముక్కు చీదాడు.

లైబ్రరీలు మళ్లీ తెరిచారు. నేను ఇప్పుడు షార్జాలో రోలా దగ్గర ఉంటున్నాను, సెలవు దొరికితే మళ్లీ పుస్తకాల మధ్యకే పోతున్నాను. దుబాయ్ లైబ్రరీలో కథలు కట్టడం గురించిన ఆ పుస్తకం కూడా అదే అరలో ఉంది. డ్రైవరు ఖోర్ ఫక్కాన్‌లో పోర్టు పనికి మారాడు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. కుశలప్రశ్నలు అయ్యాక తప్పకుండా అడుగుతాడు: “మాస్టారూ, నిజం చెప్పండి. ఆవిడ కడుపుతోనే ఉందంటారా?”

“ఉన్నది.”

“డైరెక్టరు మరిచిపోయి ఎక్కువ నీళ్లు పోయించాడండీ, మీరు వినరు గానీ.”

“అయితే బరువు ఎత్తొద్దని ఎందుకు తిట్టిండు?”

“అదీ పొరపాటేనండీ,” అంటాడు. నేను మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాను.