ఆ వేలు అక్కడే ఉండాలి

తుని స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా పక్కనావిడ, సగానికి కోసిన గుమ్మడికాయలాంటి బొజ్జ ఉన్న వాయిద్యానికి చేపల గాలానికి కట్టే నైలాన్ దారం బిగిస్తూ కనిపించింది. నేను వీణ టీచర్‌ని. చూస్తూ ఊరుకోలేకపోయాను.

"వీణకున్నట్టు మెట్లు లేవేంటండి దీనికి?"

"ఉండవండి. ఇది ఊద్ అని, అరబ్బు దేశాల వాయిద్యం అండి. బీరూట్‌లో అర్మేనియన్ మామ్మగారింట్లో పనిచేశానండి. వాళ్ల పెద్దలు వందేళ్ల కిందట టర్కీలో అర్మేనియన్ల ఊచకోత తప్పించుకుని వస్తూ ఇదీ, పాటలూ తప్ప ఏమీ తెచ్చుకోలేదంట. ఆవిడ పిల్లలెవరూ నేర్చుకోలేదు. నాకు నేర్పాకే కన్నుమూశారండి."

అసలు తీగ తెగిపోతే ఊళ్లో దొరికింది ఆ దారమేనట. బిగించి ఓ పాట ఎత్తుకుంది. ఒకచోట స్వరం కాస్త తగ్గినట్టు తోచింది. అలవాటు కొద్దీ చెయ్యి చాచి ఆవిడ వేలు జరపబోయాను.

ఆవిడ జరపనివ్వలేదు.

"అక్కడే ఉండాలండి. మామ్మగారు నా వేలు పట్టుకుని అక్కడే పెట్టారు. ఇప్పుడు నేను తప్పు వాయిస్తే సరిచేసేవాళ్లెవరూ లేరండి."

మళ్లీ మొదటినుంచీ, ఆ వేలు అక్కడే పెట్టి వాయించింది. రెండోసారి నాకు తగ్గినట్టు అనిపించలేదు.

ముప్పై ఏళ్లుగా పిల్లల వేళ్లు సరిచేస్తున్నాను. ఇప్పుడు ముట్టుకునే ముందు అడుగుతున్నాను, నీకెవరు నేర్పారమ్మా అని.