వెనక గడప దగ్గరి గుండు పురుగులు

జులై 16, బుధవారం, సాయంత్రం ఐదున్నర. సీతాఫల్‌మండిలో మా ఇల్లు, వంటింటి వెనక గడప దగ్గర. హాజరైనవారు: నేను, నా భార్య, పదకొండేళ్ళుగా మా ఇంట్లో పనిచేస్తున్న ఆమె. నా చేతిలో డైరీ, ఒక గాజు సీసా. సీసాలో ఏడు పురుగులు.

అవి శనగగింజంత ఉంటాయి. బూడిద రంగు. ముట్టుకుంటే గుండ్రంగా ముడుచుకుపోతాయి, అందుకని మేం గుండు పురుగులు అనేవాళ్ళం. కుట్టవు, కరవవు, కుళ్ళిన ఆకులు తిని బతుకుతాయి. అవి అసలు పురుగులే కావనీ, రొయ్యల జాతి అనీ, చెమ్మ లేకపోతే ఊపిరాడక చస్తాయనీ నేను చదివి చెబితే, "మన రొయ్యల చుట్టాలా! పాపం, మన ఊరి గోదావరి నుంచి ఇంత దూరం వచ్చాయా?" అని నా భార్య నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చెమ్మ అన్న మాట దగ్గరే నా అనుమానం మొదలైంది.

ఇంట్లో చెమ్మ చేసేది ఎవరు? రోజూ ఎనిమిదింటికి వచ్చి తడిగుడ్డ పెట్టే మనిషే. గుడ్డ సరిగా పిండడం లేదనుకున్నాను. ఆమె వెళ్ళగానే గడప దగ్గర వంగి లెక్కపెట్టి రాసుకునేవాణ్ణి. ఆరు. తొమ్మిది. మళ్ళీ ఆరు. ఒకరోజు కర్టెన్ వెనక నిలబడి, ఆమె గుడ్డ పిండడం చూశాను. గట్టిగానే పిండింది. నేను చూస్తున్నానని తెలిసే అలా పిండిందేమో అనిపించింది. పెరట్లోంచి బకెట్‌కు అంటుకుని వస్తున్నాయేమోనని బకెట్ అడుగు కూడా తిప్పి చూశాను. మూడు వారాలు ఇదే వరస. చివరికి పక్క వీధిలో ఇంకొకామెతో మాట్లాడి, శుక్రవారం నుంచి పనికి రమ్మన్నాను. ఆ సాయంత్రం ఈమెను మానిపించడానికే పిలిపించాను.

"ఈ మోకాళ్ళతో నేను తుడవలేను. ఆమెను పంపిస్తే గుడ్డ మీరే పట్టుకోండి" అని నా భార్య మొదట్లోనే చెప్పింది, అందుకే ఇంకొకామెను ముందుగా చూసుకున్నాను.

డైరీ తెరిచి తేదీల వారీగా చదివాను. ఆమె గోడకు ఆనుకుని అంతా విన్నది.

"సార్, బోనాలకు మూడు దినాలు నేను రాలే గద. గా మూడు దినాలు ఎన్నున్నయో జెర సదువుండ్రి."

పేజీ తిప్పాను. మూడు రోజులకూ నా దస్తూరీలో ఒకే మాట: 'ఆమె రాలేదు. చూడలేదు.'

"గిదేంది సార్! మీరు లెక్కవెట్టింది పురుగులనా, నన్నా?"

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రేపు సుత రాను. పొద్దుగాల మీరే చూసుకోండ్రి. ఒక్కటి గూడ లేకుంటే నేనే మానేస్త" అని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం ఐదున్నరకు లేచి, అలవాటు ప్రకారం వెనక తలుపు బయటి కుండీలకు నీళ్ళు పోశాను. ఆమె రాలేదు. నేల మీద తడిగుడ్డ పడలేదు. ఎనిమిదింటికి గడప దగ్గర వంగాను. పదకొండు ఉన్నాయి.

తలుపు తీశాను. కుండీల కింద నుంచి నీటి చెమ్మ సన్నగా గడప కిందికి పాకి ఉంది. మొదటి కుండీ ఎత్తితే అడుగున గుంపుగా కదిలాయి. డైరీ వెనక్కి తిప్పాను. పురుగులు మొదటిసారి కనబడ్డ రోజుకు సరిగ్గా వారం ముందు: 'వానలకు డాబా మీది కుండీలు వెనక తలుపు పక్కకు దించాను.' రాసింది నేనే.

ఇంకొకామెకు ఫోన్ చేసి రావద్దన్నాను. తర్వాత ఈమెకు చేశాను.

"ఎన్నున్నయి సార్?"

"పదకొండు."

"ఎవరు తెచ్చిర్రు మరి?"

"కుండీలు. అంటే... నేనే."

"గట్లైతే వస్త. నేనొచ్చెదాక కుండీలు ఆడ్నే ఉండనియ్యుండ్రి. నా కండ్లతోటి చూస్త."

తొమ్మిదింటికి వచ్చింది. నన్ను పలకరించకుండా నేరుగా వెనక్కి వెళ్ళి, ఒక్కో కుండీ ఎత్తి అడుగు చూసింది. ఆఖరిది కూడా చూశాక, నా చేతిలోంచి నిన్నటి సీసా తీసుకుని, ఆ ఏడింటినీ పెరట్లో జామచెట్టు కింద ఎండుటాకుల్లో వదిలి, చీపురు అందుకుంది.