పాత టేపు మీద కొత్త నకలు

బందరు కాలువ లాకుల దగ్గర పనిచేసే మరియదాసు కొడుకు బాలశౌరి బీయస్సీ ఫిజిక్సు పాసైతే తల్లి గుణదల మాత గుడిలో పూజ చెప్పించింది. మూడేళ్ల తర్వాత గవర్నరుపేటలో ఒక కంపెనీవారు కంప్యూటరు కొన్నారు. దాన్ని నడిపే ఉద్యోగం అతనికి దొరికింది. ఇది డెబ్భై ఆరు నాటి మాట. ఏసీ గదిలో పని కాబట్టి పేటవాళ్లు అతన్ని ఇంజనీరు కిందే జమకట్టేవారు.

కాలేజీల పరీక్ష మార్కులను అట్టకార్డుల మీద చిల్లులుగా పొడిస్తే, కార్డు రీడరు వాటిని చదివి కంప్యూటరుకు అందించేది. ఆ రీడరు మద్రాసులో ఎవరో వాడి వదిలేసింది. దాన్ని బతికిస్తున్నవాడు మెకానిక్ బసవపున్నయ్య. ఇరవై ఏళ్లు అచ్చాఫీసు యంత్రాలు బాగుచేసి వచ్చిన మనిషి. ఇంగ్లీషు రాదు. చెవి ఆనించి, చప్పుడు విని జబ్బు చెప్పేవాడు.

జూన్ నెలలో ఒక శుక్రవారం, కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రాం కొత్తది హైదరాబాదు నుంచి టేపు మీద వచ్చింది. దానికి నకలు తీసుకుని అసలుది తిప్పి పంపాలి. కొత్తది అన్ని యంత్రాలతోనూ సరిపడిందని తేలేదాకా పాత ప్రోగ్రాం ఉన్న టేపు బీరువాలో ఉంచాలి. సరిగ్గా అప్పుడే భవానీపురంలో బాలశౌరి ఇంటి పక్కవాళ్లు ఫోను చేశారు, అతని ఏడు నెలల పాపకు జ్వరం నూటమూడు దాటిందని. ఖాళీ టేపు వెతికే నిదానం బాలశౌరికి లేకపోయింది. పాత టేపు మీదే నకలు తీసేశాడు, దాని మీదున్న పాత ప్రోగ్రాం చెరిగిపోయింది. ప్రింటరు ఒక్కటీ నడిపి చూసి, రిజిస్టరులో 'అన్నీ సరి' అని రాసి, అసలు టేపును పార్శిలుకు ఇచ్చి పరిగెత్తాడు. టేపుతో వచ్చిన ఉత్తరంలో మొదటి కాగితమే చదివాడు. రెండోది జేబులో పెట్టుకున్నాడు. డాక్టరు చెప్పిన మందుల వేళలు దాని వెనకే రాసుకున్నాడు.

సోమవారం రీడరు నాలుగు కార్డులు లాగి ఆగిపోయింది. మళ్లీ పెడితే ఆరు.

"శౌరీ, పాత టేపు పెట్టి ఒకసారి చూడకూడదా? మొన్నటిదాకా బానే మింగిందిగా" అన్నాడు బసవపున్నయ్య.

బాలశౌరి ప్రింటరు మీట నొక్కాడు. "ప్రోగ్రాం బానే ఉందండీ పున్నయ్యగారూ. ప్రింటరు నడుస్తోంది చూడండి."

అబద్ధమేమీ ఆడలేదని తనకు తాను చెప్పుకున్నాడు. పాత టేపు ఇక లేదన్న మాట మాత్రం నాలుక దాటలేదు.

బసవపున్నయ్య రీడరు విప్పాడు. బ్రష్షులు మార్చాడు, బెల్టు వదులు చేశాడు, మళ్లీ బిగించాడు. కార్డులు పొడిచే సంపూర్ణమ్మ తలుపులోంచి తొంగిచూసి, "ఆముదం పట్టించి చూడండి బాబాయిగారూ" అంది.

"నీ నోటికైతే ఆ అవసరం కూడా లేదు. అది ఆగదు" అన్నాడు ఆయన తలెత్తకుండానే.

బుధవారానికి యజమాని రామకోటేశ్వరరావు దిగివచ్చాడు. "శనివారం ఫలితాలివ్వాలి పున్నయ్యా. నీ చెవి కూడా పోయినట్టుంది. రేపు సాయంత్రానికి తిరక్కపోతే మద్రాసు మనిషిని పిలిపిస్తా. నువ్వింక అచ్చాఫీసుకే పో."

"నాదే పొరపాటేమోనండి. పోయిన వారం బెల్టు నేనే బిగించాను" అన్నాడు బసవపున్నయ్య. బాలశౌరి వెళ్లి ప్రింటరులో కాగితం సర్దాడు.

ఆ సాయంత్రం భార్య అమలమ్మ మందు వేళ అడిగితే కాగితం తీశాడు. వేళ చూసి, తిప్పి చూశాడు. పాత రకం రీడర్లు కార్డును నెమ్మదిగా అందిస్తాయి, కొత్త ప్రోగ్రాం అంతసేపు ఎదురుచూడదు, ఆ వ్యవధి అంకెను రెట్టింపు చేయాలి, సరిచూసుకునేదాకా పాత టేపు చెరపవద్దు అని ఉంది.

"కాయితం పట్టుకుని అలా నుంచున్నారేంటి? ఎన్నింటికో చెప్పండి."

"ఏడింటికి" అన్నాడు.

గురువారం అందరికంటే ముందే వెళ్లి ఆ అంకె మార్చాడు. మూడు వందల కార్డులు ఆగకుండా వెళ్లాయి. ఇప్పుడు రీడరు ఆపేసి ఏమీ ఎరగనట్టు ఊరుకుంటే సరి. పున్నయ్య వచ్చి ఏదో మర బిగిస్తాడు, యంత్రం తిరుగుతుంది, పేరు ఆయనకే వస్తుంది. అలా చేస్తే ఆయనకు మేలే కదా అనిపించింది. మరుక్షణం ఆ మేలు తనకేనని తెలిసింది. ఆయన బతికినన్నాళ్లూ తన బెల్టునే అనుమానిస్తాడు. రీడరును ఆపలేదు.

చప్పుడు విని బసవపున్నయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఏం చేశావు?"

బాలశౌరి మొత్తం చెప్పాడు, పాత టేపు సంగతితో సహా.

"నేనడిగాను కదయ్యా నిన్ను, పాతది పెట్టమని."

"అడిగారండి."

"మూడు రోజులు దాని పేగులు తీయించావు. నా చెవే చెడిందనుకున్నా."

"పాపకి జ్వరమండీ" అనబోయి సగంలో మింగేశాడు.

"ఇప్పుడెలా ఉంది?"

"తగ్గిందండి."

"తగ్గితే పద. ఆయనకు నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడతా, అంతే."

రామకోటేశ్వరరావు అంతా విని బాలశౌరిని మూడు నెలలు కంప్యూటరు గదిలోకి రానివ్వలేదు. సంపూర్ణమ్మ పక్కన కూర్చుని కార్డులు సరిచూసే పని ఇచ్చాడు. బసవపున్నయ్య ఉద్యోగం నిలిచింది. రోజూ పాప సంగతి అడిగేవాడు, మునుపటిలాగే.

బాలశౌరి తిరిగి ఆ గదిలోకి వెళ్లిన వారానికి ప్రింటరు మొరాయించింది. "ప్రోగ్రాం బానే ఉందండీ" అన్నాడతను.

బసవపున్నయ్య స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని, "చూపించు" అన్నాడు.