రెండు వీశెల పైలం

మా చిన్నప్పుడు మోండా మార్కెట్లో, ఒక గాజుల దుకాణం ముందు నిలబడి మా నాయనమ్మ రెండు వీశెల 'పైలం' ఇమ్మని అడిగింది... పక్కన నేనే ఉన్నాను కాబట్టి ఇది ఎవరో చెప్పగా విన్న కథ కాదు.

పోలీసు చర్య జరిగిన కొన్నాళ్లకు సంగతి ఇది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. నాన్న అల్వాల్‌లో బడిపంతులు. గొడవలు ముదిరినప్పుడు ఇంటికి తాళం పెట్టి సికింద్రాబాదు వచ్చేశాం. మార్కెట్ వెనక సందులో కూరగాయలమ్మే నర్సమ్మ గారి ఇంట్లో ఒక్క గది... అందులోనే అమ్మ, నాన్న, నాయనమ్మ, నేను. ఇప్పుడంతా సద్దుమణిగింది, మన ఇంటికి మనం పోవచ్చని నాన్న అన్నారు.

నాయనమ్మ అచ్చమైన బందరు మనిషి. తాతయ్య పోయాక, గొడవలకు కాస్త ముందే మా దగ్గరికి వచ్చింది. వస్తూ తాతయ్య కొనిపెట్టిన జోడు దీపాలు తెచ్చుకుంది. పైన తెల్లటి పాలగాజు గోళం, కింద ఇత్తడి బుడ్డి. అల్వాల్ నుంచి హడావిడిగా వచ్చేసిన రోజు రెండింటినీ ఒకే తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. జట్కా ఎత్తి పడేసిన కుదుపుకు ఒకదానికొకటి తగిలి ఒక గోళం ముక్కలైంది.

ఆవిడ ఏడవలేదు... రెండోదాన్ని మంచం కిందికి తోసి, దీన్ని మన ఇంట్లోనే వెలిగిస్తాను అంది, అంతే. ఆ నెలలన్నీ పొద్దువాలగానే కిటికీలు మూసేసి, గుడ్డి దీపం దగ్గర చిన్న గొంతులతో ప్రార్థన చేసుకునేవాళ్లం. ఇప్పుడు ఈ ఒక్కటీ పగలకుండా అల్వాల్ చేరాలి. ఆవిడకు ఇంకే సామాను మీదా ధ్యాస లేదు.

బయల్దేరే ముందురోజు నర్సమ్మ గారు గుమ్మంలోంచి చూసి, "గాజు సామాను గట్లనే పెడ్తరా అమ్మా? పైలం పెట్టుండ్రి. తొవ్వంత గుంతలే" అని తన దారిన తను పోయింది.

పైలం అంటే ఇక్కడి మాటలో జాగ్రత్త, భద్రం. మాకేం తెలుసు! నాయనమ్మ గడప దాటేది కాదు, ఇంట్లో అందరిదీ బందరు మాటే. గాజు సామాను మధ్య పెట్టే గడ్డో, పీచో అయ్యుంటుందని ఆవిడ లెక్క. నర్సమ్మని అడుగుదాం అన్నాను. అడిగితే మన పరువేం కావాలి అంది... పరువు కోసం నన్ను వెంటేసుకుని బజారుకు బయల్దేరింది. గాజులమ్మేవాడి దగ్గర లేకుండా ఎక్కడుంటుందని నేరుగా గాజుల దుకాణానికే వెళ్లాం.

"పైలం ఉందాండీ?" అని అడిగింది.

దుకాణం పెద్దాయన రెండు చేతులూ జోడించాడు. "ఉన్నం తల్లీ, దేవుని దయ. ఇంటిల్లిపాది పైలమే. మరి మీరు?"

"మా దగ్గర లేదండీ, అందుకే వచ్చాం. రెండు వీశెలు ఇవ్వండి."

పాపం, ఆయన ముఖం పాలిపోయింది. ఇంట్లో ఎవరికేమైందని మెల్లగా అడిగాడు. బేరానికొస్తే ఈ ఆరాలేమిటని నాయనమ్మ విసుక్కుంటూనే దీపం సంగతంతా చెప్పింది... పగిలినదాని సంగతి కూడా. అప్పుడర్థమైంది ఆయనకి. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు.

"పైలం తూకానికి దొరికేదుంటె, ఈ ఏడాది నేనే ముందుగాల కొంటుంటి తల్లీ" అన్నాడు.

తర్వాత మాటకు అర్థం చెప్పాడు. నాయనమ్మ ముఖం కందగడ్డ అయింది. ఆయన అదేమీ పట్టించుకోకుండా, గాజుల పెట్టెల్లో వచ్చిన వరిగడ్డి ఇంత మోపు కట్టి నా నెత్తిన పెట్టాడు. గోళం లోపల కూడా మెత్తటి గుడ్డలు కుక్కాలనీ, బుట్ట అడుగున గడ్డి చుట్టకుదురులా వెయ్యాలనీ, కట్టాక ఊపి చూస్తే చప్పుడు రాకూడదనీ చెప్పాడు. సంగతి తెలిసిన నర్సమ్మ గారు మాత్రం కడుపు పట్టుకుని నవ్వింది... నవ్వి నవ్వి, లోపలికెళ్లి తన పాతచీరల బొంత తెచ్చి బుట్టకు చుట్టింది.

మర్నాడు ఎడ్లబండి మీద ఎనిమిది మైళ్లు పోయినట్టుంది నాకు. నిజానికి అంత దూరం లేదు. గుంత వచ్చినప్పుడల్లా నాయనమ్మ బుట్టకు చెవి ఆనించి వినేది. అల్వాల్ దగ్గర పడుతుండగా చక్రం ధబాలున దిగింది. నేను గబుక్కున బుట్ట పట్టుకున్నాను. ఆవిడ మాత్రం కళ్లు మూసుకుని అలాగే కూర్చుంది.

ఇంటికి చేరాక తాళం తీయగానే ముందు విప్పింది ఆ బుట్టే. బొంత, గడ్డి, గుడ్డలు... గోళం మీద ఒక్క గీత లేదు! ఆ సాయంత్రం దీపం వెలిగించి, నాన్నను పిలిచి వీధివైపు కిటికీలన్నీ తెరిపించింది. ఎన్ని నెలలకో ప్రార్థన గొంతెత్తి పాడుకున్నాం. అమ్మ పాట మధ్యలో ఏడ్చేసింది, నాకప్పుడు ఎందుకో తెలియలేదు.

వారం తిరక్కుండా నర్సమ్మ గారు చూడటానికి వచ్చింది. దీపం ఎట్లుంది అని అడిగితే, మా బందరు నాయనమ్మ బొంత మడత పెట్టి ఆవిడ చేతికిస్తూ, "పైలంగనే ఉన్నది... మేం సుత" అంది, 'కూడా' అనడానికీ ఇక్కడి మాటే వాడి.

అప్పటినుంచి మా ఇంట్లో గాజు సామానుకు చుట్టే ప్రతిదాని పేరూ పైలమే. మొన్న మా మనవరాలు సైనిక్‌పురి నుంచి ఇల్లు మారింది. గాలిబుడగల ప్లాస్టిక్ చుట్టలు చుట్టలుగా తెచ్చారు. పిల్లలు సగం బుడగలు అక్కడే టపటపా పేల్చేశారు. ఆ దీపాన్ని నేనే చుట్టాను... ఈ కాలపు పైలం బానే ఉంది, మెత్తగా. పాతచీర వాసన ఒక్కటే లేదు దానికి.

కొత్తింట్లో దీపం వెలిగించి ఫోటో పంపింది పిల్ల. కింద ఒకటే మాట రాసింది... "పైలంగనే ఉన్నది నానమ్మా."

మీ ఇళ్లల్లో పగిలే వస్తువులు దేంట్లో చుట్టేవారు? ఊకలోనా, పంచెల్లోనా, బొంతల్లోనా? ఎవరి బొంతల్లో? చెప్పండి, వింటాను... అంతవరకు అందరూ పైలం.