పటిక ఓడింది, పొడి గెలిచింది

బురదనీళ్లు తేర్చడానికి పటిక మేలా, పీఏసీ అనే కొత్త పొడి మేలా అని ఈ రోజు మా ఫిల్టర్‌హౌస్‌లో పరీక్ష పెట్టాను. ఆపరేటర్ బాషన్న చెరువు నుంచి బకెట్టు ఎర్రనీళ్లు తెచ్చాడు. ఆరు బీకర్లలో పోసి, మూడింట్లో పటిక, మూడింట్లో పొడి కలిపాను. పొడి వేసినవి అరగంటలో అద్దంలా తేరుకున్నాయి. ఎగిరి గంతేసినంత పని చేశాను.

“పొడే గెలిచింది బాషన్నా! రేపట్నుంచి ఇదే వేద్దాం.”

“దేంట్లో ఏస్తారు మేడం? ఈ బకెట్టే ముంతతో తోడి తోడి నింపుకొచ్చినా. ఇంగ చెరువులో బురదే ఉండాది.”

ఆ మూడు బీకర్ల తేటనీళ్లతోనే కాళ్లూ చేతులూ కడుక్కుని నమాజుకు వెళ్లాడు. నేను “పొడి మేలు” అని రిపోర్టు రాసి సంతకం పెట్టాను.

కలపడానికి నీళ్లున్న ఊరు ఎవరిదైనా ఉంటే చెప్పండి, పొడి పంపిస్తాను.