నోరు తెరిచినవాళ్ళకే కథ

ఆ పళ్ళ డాక్టరుగారి దగ్గరికి ఎవరు వెళ్ళినా మొదట అడిగేది “ఏ పన్ను నొప్పి?” అని కాదు, “ఇప్పుడేం చదువుతున్నారు?” అని. రోగి వివరాలు రాసే కార్డులో నాలుగు గడులు కొట్టించారు. పేరు, వయసు, పన్ను, ప్రస్తుతం చదువుతున్న పుస్తకం. నాలుగోది ఖాళీగా వదిలితే ఊరుకోరు. ఒకసారి ఒక ముసలావిడ విసుగెత్తి “మీ మందుచీటీ” అని రాసింది. డాక్టరుగారు తలాడించి, “ముగింపు నచ్చిందా అమ్మా?” అని అడిగారు.

ఇక కుర్చీలో పడుకోబెట్టి, నోట్లో అద్దం పెట్టాక మొదలయ్యేది అసలు వైద్యం. పొద్దున్నే కంఠతా పట్టిన పేజీని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవారు. మధ్యమధ్యలో తన అభిప్రాయాలు.

“ఈ రచయితకి వాన రాయడం వచ్చండీ, వంట రాయడం రాదు. ఏమంటారు?”

“ఆఁ... ఆఁ...”

“చూశారా, మీకూ అలాగే అనిపించింది!”

ఆయన పక్కన పరికరాల పళ్ళెం పట్టుకుని నిలబడేది ఆయన మేనకోడలు. పుస్తకమంటే ఆమెకు ఆమడ దూరం. బయట బెంచీ మీద ఎంతమంది కూర్చున్నారు, ఎవరి వంతు ఎంత ఆలస్యమైంది అన్నదే ఆమె లోకం. ఒకనాడు మేస్త్రీ ఒకాయన నోరు పుక్కిలించి ఉమ్మి, నేరుగా ఆమె మీద విరుచుకుపడ్డాడు.

“నోరు కదపలేనప్పుడు అభిప్రాయాలు అడుగుతారేంటమ్మా! ఆ నాయిక మూర్ఖురాలని చెప్పాలని అరగంట నుంచీ గిలగిలా కొట్టుకున్నాను!”

ఆమెకు ఒళ్ళు మండింది. ఆయన కోటు జేబులోంచి పుస్తకం లాగి, దూది కట్టలున్న బీరువాలో పెట్టి తాళం వేసింది.

“మామయ్యా, వారం రోజులు కథలు బంద్. లేదా నేను మానేస్తాను.”

“పుస్తకం సగంలో ఉందే!”

“మాటివ్వు.”

డాక్టరుగారు చిన్నబోయిన మొహంతో మాటిచ్చారు.

మూడు రోజులు గది నిశ్శబ్దంగా ఉంది. నిశ్శబ్దమంటే, పళ్ళు తొలిచే యంత్రం చప్పుడు ఒక్కటే బెంచీ దాకా స్పష్టంగా వినిపించింది. ఇద్దరు బెంచీ మీంచే లేచి వెళ్ళిపోయారు. మేనకోడలు ఆ సంగతి గమనించి కూడా గమనించనట్టే కార్డులు సర్దుకుంది.

నాలుగో రోజు బస్సు డ్రైవరు వచ్చాడు. ఆరడుగుల మనిషి, మీసాలు చూస్తే ఎదురొచ్చే లారీ పక్కకి తప్పుకోవాలి. కిందటి వారం ఒక పన్ను తీయించుకున్నాడు. ఇప్పుడు రెండోది. బుగ్గ ఉబ్బి కన్ను మూసుకుపోతోంది. ఇవాళ తీయకపోతే చీము దవడకి పాకుతుందని డాక్టరుగారు అన్నారు. అతను కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

“కథ చెప్తేనే తెరుస్తానండీ. ఉత్తరాలు పంచే ఆవిడ ఆ తలుపు కొట్టింది కదా? లోపల ఎవరో దగ్గారు. అక్కడ ఆపేశారు మీరు.”

“మాటిచ్చాను బాబూ. కాస్త తెరువు.”

“నా వల్ల కాదండీ! పోయినసారి సూది గుచ్చిన సంగతే తెలీలేదు. ఇవాళ అన్నీ కనిపిస్తున్నాయి!” అతని చేతులు నోటి మీద నుంచి కదల్లేదు.

డాక్టరుగారు మేనకోడలి వంక చూశారు. ఆమె విసురుగా వెళ్ళి బీరువా తెరిచి, పుస్తకం తీసి, చీటీ పెట్టిన చోట విప్పింది. అక్కడే ఆగిపోయింది. అంచుల్లో పెన్సిలుతో చిన్న అక్షరాలు.

‘డ్రైవరుగారికి. ధైర్యం తక్కువ, కుతూహలం ఎక్కువ. ఇక్కడ సూది.’ ఎదుటి పేజీ చివర, ‘ఇక్కడ ఊపిరి బిగబడతాడు, కదలడు. అప్పుడు తీయాలి.’

వెనక్కి తిప్పింది. పేజీపేజీకీ ఎవరో ఒకరు ఉన్నారు. ‘ముసలమ్మగారికి. ఇది వింటూ నిద్రపోతుంది, పోనివ్వాలి.’ ‘మేస్త్రీకి. కోపం తెప్పించాలి, కోపంలో నొప్పి మరిచిపోతాడు.’

ఈ మనిషినా తను ఇన్నాళ్ళూ చాదస్తుడనుకుంది! తిరిగొచ్చి, “మాటిచ్చింది నువ్వు మామయ్యా, నేను కాదు,” అని గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది.

కథలో తలుపు వెనక దగ్గు మళ్ళీ వినిపించింది. డ్రైవరు చేతులు తీశాడు. గొళ్ళెం కదిలింది. నోరు తెరుచుకుంది. పెన్సిలు గుర్తు దగ్గర ఆమె కొంచెం నెమ్మదించింది, సూది పని అయిపోయింది. రెండో గుర్తు దగ్గర డ్రైవరు నిజంగానే ఊపిరి బిగబట్టాడు. బెంచీ మీదివాళ్ళు కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

“అమ్మాయ్, పన్ను వచ్చేసింది,” అన్నారు డాక్టరుగారు.

“ఉండు మామయ్యా.”

“తర్వాత వంతు వాళ్ళు నిలబడే ఉన్నారే.”

“ఉండమన్నానా! ఆ తలుపు తీసిందెవరో చూడనీ!”

డ్రైవరు దూది కొరుకుతూ చెయ్యెత్తి ఆమెకే ఓటేశాడు. డాక్టరుగారు చప్పుడు చేయకుండా బల్ల మీంచి కొత్త కార్డొకటి తీశారు. పేరు దగ్గర ‘మేనకోడలు’ అని, పన్ను దగ్గర ‘ఏమీ లేదు’ అని రాసి, నాలుగో గడి ఖాళీగా వదిలి పెన్సిలుతో సహా ఆమె ముందుకి జరిపారు.

ఆమె పేజీ మీంచి కళ్ళెత్తకుండానే గడి నింపింది.