నెయ్యి అరగని వయసు

కాశీబుగ్గలో పెళ్లికైనా తద్దినానికైనా వంటకు యజ్ఞనారాయణగారినే పిలుస్తారు. ఆయన పెళ్లి చేసుకోలేదు. తల్లి ఉన్నన్నాళ్లూ ఆమెకు వండిపెట్టారు. ఆమె పోయాక ఇంట్లో పొయ్యి వెలిగించడమే మానేశారు. ఎవరింటికి వంటకు వెళ్తే అక్కడే ఒక మూల కూర్చుని తినేసేవారు. పని లేని రోజు అటుకులు తడుపుకునేవారు.

పోయిన వర్షాకాలంలో పక్కవాటా నీలవేణి, జీడిపప్పు బట్టీ నుంచి వస్తూ వస్తూ, చెంగులో ఒక కుక్కపిల్లను తెచ్చింది.

"తల్లిని లారీ గుద్దీసింది పంతులుగారూ. మా పిల్లలు దీన్ని బతకనీరు. మీరైతే నిమ్మళంగా సూత్తారని తెచ్చినాను."

వద్దనబోయారు. అది ఆయన వేలు చప్పరించడం మొదలుపెట్టేసరికి ఊరుకున్నారు.

ఎవరిమీదైనా ప్రేమ కలిగితే ఆయనకు తెలిసిన పని నెయ్యి వడ్డించడమే. చాలా రోజులకు పొయ్యి వెలిగించి, అన్నం మెత్తగా వండి, చేయి వెనక్కి తీయకుండా నెయ్యి పోసి కలిపారు. అది గిన్నె అంతా నాకేస్తే మురిసిపోయారు. మర్నాటికి కక్కుకుంది. జిడ్డు జిడ్డుగా విరేచనాలు. మెడ నిలపలేకపోయింది. తువ్వాలులో చుట్టుకుని ఆటోలో పశువుల ఆసుపత్రికి పరుగెత్తారు.

డాక్టరు దీప్తిది ఉద్దానంలోని ఒక కొబ్బరి రైతు కుటుంబం. సూది మందు వేసి అడిగింది.

"ఏటి పెట్టినారండీ?"

"నెయ్యన్నం తల్లీ. మంచి నెయ్యే."

"నెయ్యి మంచిదేనండి, దీనికే ఆ వయసు రానేదు. కొవ్వు అరగడానికి లైపేజ్ అని ఒక ఎంజైము కావాలి. పసిగుడ్డుగా ఉన్నప్పుడు క్లోమంలో అది బాగా తక్కువ ఊరతాది. తల్లిపాలల్లో కొవ్వుని పొట్టలో ఊరే ఇంకో రకం సాయం పట్టి అరిగిత్తాది. పెరిగి, తిండి అలవాటయ్యే కొద్దీ క్లోమం పని అందుకుంటాది. అందాకా కుక్కపిల్లల పాలపొడి కలిపి పట్టండి. పెద్దదయ్యాకైనా నెయ్యి బొట్టే, గరిటె కాదు."

"నా చేతి వంట తిని ఇంతవరకూ ఎవరూ జబ్బు పడలేదమ్మా," అన్నారాయన.

కుక్కపిల్ల తేరుకుంది. అయినా ఆయన ఆసుపత్రికి వెళ్లడం మానలేదు. ఇప్పుడు ఊరుతోందా అమ్మా, పప్పు పెట్టొచ్చా, పెరుగు పెట్టొచ్చా అని ప్రతిసారీ ఏదో ఒక ప్రశ్న. మాట్లాడే మనిషి కోసం వస్తున్నారని దీప్తికి అర్థమైంది. ఆయన గుమ్మంలో కనపడగానే కుర్చీ జరిపేది.

చలికాలం చివర ఆమెకు బదిలీ అయింది. కొత్త డాక్టరు కుక్కను ఒక్క చూపు చూసి, "బాగా పెరిగింది. ఇంక తీసుకురానక్కర్లేదు," అన్నాడు. యజ్ఞనారాయణగారు దాన్ని తీసుకుని వచ్చేశారు.

మొన్న నిమ్మాడలో పెళ్లివంట. పెళ్లివారు విస్తరి వేస్తామన్నా కూర్చోలేదు, మధ్యాహ్నం బస్సుకే వచ్చేశారు. ఇప్పుడు ఆయన ఇంట్లోనే తింటున్నారు. ఇద్దరికీ వండి, ముందు దానికి పెట్టి, పెళ్లిలో గాడిపొయ్యి పొగకి కళ్లు ఎలా మండాయో చెప్పడం మొదలుపెట్టారు. అది గిన్నె ఖాళీ చేసి, గుమ్మం దాటి వీధికుక్కల్లో కలిసిపోయింది.

ఆయన మాట ఆపి, కంచంలో వడ్డించుకున్నారు. సాయంకాలం దాకా తలుపు తీసే ఉంచారు.